కుండీలో మిరప: కారం లేని కాయ వెనక 500 ఏళ్ల కథ

ఇవాళ్టి టాపిక్ చూసి కొంతమంది నవ్వుతారని తెలుసు. మిరప మొక్కని కూర కోసం కాకుండా చూడ్డానికి పెంచడం. అది కూడా కారం దాదాపు లేని రకం. ఇంట్లోనే, కుండీలో, గింజ నుంచి. "కారమే లేనప్పుడు అది మిరపకాయ ఎందుకవుతుంది బ్రో?" అని మీలో సగం మంది అడుగుతారు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వాళ్లైతే ఇంకాస్త గట్టిగా అడుగుతారు.

నేను బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, తర్వాత ఈ కెమెరా ముందుకి వచ్చినవాణ్ని. వ్యవసాయ శాస్త్రవేత్తని కాదు. కానీ ఏదైనా ఫీచర్ కనిపిస్తే దాన్ని ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరు ఎందుకు తీసేశారు అని వెనక్కి వెళ్లి చూడటం పాత అలవాటు. మిరపలో కారం కూడా అలాంటి ఫీచరే. దాన్ని పెట్టిందీ ఒక కారణం కోసమే, తీసేసిందీ ఒక కారణం కోసమే.

ఇవాళ నేను చెప్పాలనుకున్న మాట ఒక్కటే. చాలా దేశాల్లోకి మిరప వంటింటి గుమ్మం నుంచి రాలేదు, పూలకుండీలో వచ్చింది. చూడ్డానికి బాగుందని పెంచినవాళ్లు గింజ దాచారు, పక్కవాళ్లకి ఇచ్చారు. తినేవాళ్లు తర్వాత వచ్చారు. కాబట్టి మీ బాల్కనీలో కుండీ పెడితే అది కొత్త ఫ్యాషనేం కాదు, మిరప చరిత్రలో చాలా పాత పద్ధతి.

ముందు మిరప లేని కాలానికి వెళ్దాం.

1492కి ముందు మన దేశంలో మిరపకాయ లేదు. శ్రీనాథుడు తిన్న భోజనంలో లేదు. అన్నమయ్య 1503లో కన్నుమూశారు. ఆయన కీర్తనలు కట్టిన రోజుల్లో మన పొలాల్లో మిరప తోట అనేదే లేదు. ఘాటు కావాలంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు. "మిరియం" పక్కన "మిరప" పెట్టి ఒకసారి పలికి చూడండి, చుట్టరికం వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన కాయకి పాత దినుసు నుంచే పేరు వచ్చింది. కొలంబస్ వాళ్లు చేసిందీ అదే. వాళ్లు బయల్దేరింది మిరియాల కోసం. కరీబియన్ దీవుల్లో ఘాటైన కాయ కనిపించేసరికి మిరియం పేరే దానికీ తగిలించారు. అందుకే ఇంగ్లీషులో ఇప్పటికీ రెండూ పెప్పరే. 1493లో రెండో ప్రయాణంలో వెళ్లిన డాక్టర్ డియేగో చాంకా, అక్కడి జనం ఈ కాయని తిండిలో మసాలాగా వాడుతున్నారని 1494లో ఉత్తరం రాశాడు.

మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడ మనుషులు 6,000 ఏళ్ల కిందటి నుంచే మిరప వాడుతున్నారు. పాత పనిముట్లకి, వంట పాత్రలకి అంటుకుపోయిన పిండి రేణువుల వల్ల ఈ సంగతి బయటపడింది. అంతకుముందు అది అడవి మొక్క. అడవి మిరపకాయ చాలా చిన్నది. కిందికి వేలాడదు, ఆకాశం వైపు నిలబడి ఉంటుంది. పండితే తేలిగ్గా ఊడొస్తుంది. ఈ డిజైన్ అంతా పిట్టల కోసం. పిట్టలకి కారం తెలీదు. కాయని మింగేస్తాయి, దూరంగా ఎక్కడో రెట్ట వేస్తాయి, గింజ అక్కడ మొలుస్తుంది. ఎలుకల్లాంటి జంతువులు మాత్రం గింజని పళ్లతో నమిలి పాడు చేస్తాయి. వాటిని దూరం పెట్టడానికే కారం. 2001లో జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నభాన్ అనే ఇద్దరు పరిశోధకులు అడవి మిరప మీద చేసిన పరిశీలనతో ఈ సంగతి నేచర్ పత్రికలో చూపించారు. మొక్క తరఫు నుంచి చూస్తే కారం అనేది యాక్సెస్ కంట్రోల్. పిట్టకి పర్మిషన్ ఉంది, ఎలుకకి లేదు. మనిషి మాత్రం పర్మిషన్ లేకుండానే లోపలికి వచ్చి, ఆ మంటనే ఇష్టపడ్డాడు.

మనిషి పెంచడం మొదలుపెట్టాక కాయ పెద్దదైంది, కిందికి వేలాడింది, ఊడిపోకుండా కొమ్మని పట్టుకుని ఉండటం నేర్చింది. ఇప్పుడు నర్సరీలో అలంకార మిరప మొక్కని చూడండి. చిట్టి చిట్టి కాయలు, పైకి నిలబడి, ఒకే చెట్టు మీద ఊదా, పసుపు, నారింజ, ఎరుపు. ఆ నిలబడే తీరు నిజానికి అడవి రోజుల నాటిదే. పొలంలో పోయింది, కుండీలో మిగిలింది.

ఇక కుండీ దగ్గరికి వద్దాం.

1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పోర్చుగీసు ఓడలు మిరపని మన పడమటి తీరానికి తెచ్చాయి. ఇక్కడ అది ఎంత త్వరగా కలిసిపోయిందంటే, 1542లో జర్మనీలో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే వైద్యుడు తన మొక్కల పుస్తకంలో మిరప బొమ్మలు వేయించినప్పుడు వాటికి కాలికట్ మిరియం, ఇండియా మిరియం అనే పేర్లు పెట్టాడు. అమెరికా మొక్క ఊరు పేరు మార్చుకుని మన చిరునామాతో యూరప్‌కి చేరింది. ఫుక్స్ ఇంకో మాట కూడా చెప్పాడు. కొన్నేళ్ల కింద వరకూ ఎవరికీ తెలియని ఈ మొక్క ఇప్పుడు జర్మనీ అంతటా మట్టి కుండీల్లో కనిపిస్తోందని. గమనించండి, పొలాల్లో కాదు, కుండీల్లో. 1613లో బాసిలియస్ బెస్లర్ అచ్చు వేసిన ఐఖ్‌స్టెట్ బిషప్ తోట బొమ్మల పుస్తకంలో కూడా రకరకాల మిరపలు పెద్ద పెద్ద బొమ్మలుగా ఉన్నాయి. ఆ తోట చూపించుకోవడానికి పెంచిన తోట.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. 1597లో లండన్‌లో జాన్ జెరార్డ్ ఒక మొక్కల పుస్తకం అచ్చు వేశాడు. అందులో మిరపని గింజ నుంచి ఎలా పెంచాలో రాశాడు. ఆయన చెప్పిన పద్ధతి నా మాటల్లో చెప్తాను. గుర్రపు లద్దె కుళ్లి వేడెక్కుతుంది కదా, ఆ వేడి మడిలో గింజ వేయాలి. మూడు నాలుగు ఆకులు రాగానే కుండీలోకి మార్చాలి. కుండీ ఎందుకంటే, ఎండ ఎటు పోతే అటు మోసుకుపోవడానికి. చలికాలం దగ్గరపడితే ఇంట్లోకి తెచ్చేయాలి. ఇంత చేసినా అక్కడి చల్లటి వాతావరణంలో కాయ సరిగ్గా ఎర్రబడటం లేదని, మంచి ఎండ ఉన్న ఏడాది కోసం ఎదురుచూస్తున్నామని కూడా రాశాడు.

400 ఏళ్లు దాటింది. స్టెప్స్ ఏమీ మారలేదు. మనం చేసేది ఇదే. కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి చిన్న ట్రేలో నింపండి. గింజని అర సెంటీమీటర్ లోతులో పెట్టండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటే ఒకటి రెండు వారాల్లో మొలక వస్తుంది. జెరార్డ్‌కి లద్దె కావాల్సి వచ్చింది, మనకి హైదరాబాద్ వాతావరణమే చాలు. నీళ్లు ఎక్కువ పోయకండి, పోస్తే నారుకుళ్లు తెగులు వచ్చి మొలక మొదట్లో మెత్తబడి పడిపోతుంది. నాలుగు ఆకులు రాగానే 8 అంగుళాల కుండీలోకి మార్చండి. రోజుకి 6 గంటల ఎండ కావాలి. మనకి ఉన్న సమస్య జెరార్డ్ సమస్యకి రివర్స్. ఆయనకి ఎండ చాలలేదు, మనకి మే నెలలో ఎక్కువైపోతుంది. 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. అందుకే జూన్ తర్వాత గింజ వేస్తే మేలు. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. మన రైతులు పైముడత, కింద ముడత అంటారు. కుండీకైనా, ఎకరానికైనా అవే శత్రువులు.

ఇదే కాలంలో ప్రపంచం ఇంకో చివర ఏం జరుగుతుందో చూడండి. చైనా. ఇవాళ సిచువాన్, హునాన్ వంటలంటే కారమే గుర్తొస్తుంది. కానీ చైనాలో మిరప గురించి మనకి తెలిసిన తొలి ప్రస్తావన 1591 నాటిది. హాంగ్‌జౌకి చెందిన గావ్ లియన్ రాసిన పుస్తకంలో ఉంది. అదీ వంటల భాగంలో కాదు, పూల మొక్కల మధ్య. తెల్ల పూలు, అరిగిపోయిన కుంచె మొనలాంటి ఎర్రటి కాయ, రుచికి ఘాటు, చూడ్డానికి చాలా బాగుంటుంది. ఆయన చెప్పింది ఇంతే. 1720ల మొదట్లో, అంటే 130 ఏళ్ల తర్వాత, గుయిజౌ కొండ ప్రాంతపు రికార్డుల్లో ఒక వాక్యం కనిపిస్తుంది: అక్కడి జనం ఉప్పుకి బదులు మిరప వాడుతున్నారని. గుయిజౌలో ఉప్పు దొరకదు, బయటి నుంచి తెచ్చుకోవాలి, పేదవాళ్లు కొనలేరు. చప్పటి తిండిని నోట్లోకి దింపడానికి మిరప పనికొచ్చింది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. తీరప్రాంతంలో చదువుకున్న ఒక పెద్దమనిషి అందం కోసం మెచ్చుకున్న మొక్క, ఉప్పు కొనలేని కొండ జనానికి ఆధారం అయింది. మధ్యలో ఆ గింజ ఎన్ని చేతులు మారి ఉంటుందో ఆలోచించండి. ఒక్కరు దాచుకోకపోయినా ఆ దారి అక్కడే ఆగేది.

మూడో చోటు హంగేరీ. 16వ శతాబ్దంలో అక్కడ గొప్పింటి తోటల్లో దీన్ని టర్కీ మిరియం అని పిలిచేవారు, చూడ్డానికే పెంచేవారు. తర్వాత అసలు మిరియాలు కొనలేని రైతులు దీన్ని ఎండబెట్టి పొడి చేసుకున్నారు. అదే పాప్రికా. కానీ ఆ పొడి అందరికీ తినేలా లేదు, మంట ఎక్కువ. 1859లో సెగెద్ ఊళ్లో పాల్ఫీ సోదరులు కాయని చీల్చి, లోపలి ఈనెలు, గింజలు తీసేసే యంత్రం తయారు చేశారు. కారం ఉండేది గింజలో అని మనం అనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి కండలో పుడుతుంది. దాన్ని తీసేస్తే రంగు, వాసన మిగిలాయి, మంట పోయింది. అదే సెగెద్‌లో 1930లలో ఆల్బర్ట్ సెంట్‌జోర్జీ అనే శాస్త్రవేత్త విటమిన్ సి కోసం వెతుకుతున్నాడు. ఆయనే తర్వాత చెప్పుకున్న కథ ఏంటంటే, ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి పాప్రికా పెట్టింది. తినాలనిపించలేదు. ఆ మాట ఆమెకి చెప్పే ధైర్యం లేక, "ల్యాబ్‌లో పరీక్షిస్తాను" అని పట్టుకెళ్లాడు. అర్ధరాత్రికల్లా తెలిసింది, అది విటమిన్ సి గని. 1937లో ఆయనకి నోబెల్ వచ్చింది. కారం తగ్గించిన కాయని చిన్నచూపు చూసేవాళ్లకి నేను చెప్పే కథ ఇది.

ఇప్పుడు కారం అసలు ఎలా పోతుంది? ఇది నా పాత ఉద్యోగం భాషలో చెప్తాను. మిరపలో పన్1 అనే ఒక జన్యువు ఉంది. అది పనిచేస్తేనే కాప్సైసిన్ తయారవుతుంది. బెల్ పెప్పర్‌లో, అంటే మనం క్యాప్సికం అనే కాయలో, ఆ జన్యువులో ఒక ముక్క ఎగిరిపోయింది. ఫంక్షన్ కాల్ అవుతుంది కానీ లోపల కోడ్ లేదు. ఈ సంగతి 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రకృతిలో ఇది బగ్. ఎలుకలు వచ్చి తినేస్తాయి. కానీ మనుషుల చేతిలో అది ఫీచర్ అయింది, ఎందుకంటే ఎవరో ఒకరు ఆ చప్పటి కాయ రుచి చూసి, పారేయకుండా గింజ దాచారు.

అలంకార మిరపల్లో కూడా ఇదే జరిగింది, కానీ కారణం వేరు. చాలా అలంకార మిరపలు మంచి ఘాటైనవి. ఉదాహరణకి బ్లాక్ పెర్ల్. ఆకులు నల్లగా, కాయలు నల్ల ముత్యాల్లా ఉంటాయి, పండితే ఎర్రగా అవుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు తయారు చేశారు, 2006లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ అవార్డు వచ్చింది. చూడ్డానికి బొమ్మ, నోట్లో పెడితే నిప్పు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే రంగురంగుల చిన్న కాయల దగ్గరికే చేయి పోతుంది, ఆ చేతితోనే కళ్లు రుద్దుకుంటారు. ఈ భయం వల్లే కారం లేని అలంకార రకాలు వచ్చాయి. చిల్లీ చిలీ అనే రకానికి 2002లో అదే అవార్డు వచ్చింది. రంగులన్నీ ఉంటాయి, మంట ఉండదు. కాబట్టి రూపం చూసి కారం ఊహించకండి, గింజ ప్యాకెట్ మీద పేరు చదవండి.

ఇక్కడే రెండు జాగ్రత్తలు. ఒకటి, జెరూసలేం చెర్రీ అనే ఇంకో కుండీ మొక్క ఉంది. చిన్న గుండ్రటి ఎర్ర కాయలు, అచ్చం అలంకార మిరపలాగే ఉంటుంది. దాని లాటిన్ పేరులోనే నకిలీ మిరప అనే అర్థం ఉంది. అది విషం. తెలియని మొక్క కాయ నోట్లో పెట్టొద్దు. రెండు, నర్సరీలో అలంకారం కోసం అమ్మే మిరప మొక్కకి తినే పంటలకి వాడకూడని మందులు కొట్టి ఉండొచ్చు. మీరే గింజ నుంచి పెంచితే ఏం కొట్టారో, ఏం కొట్టలేదో మీకు తెలుస్తుంది. నేను గింజ అని ఇంత పట్టుబట్టడానికి ఇదొక కారణం.

అసలు కారణం ఇంకోటి ఉంది. హొరేస్ పిపిన్ అని అమెరికాలో ఒక నల్లజాతి చిత్రకారుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేతికి దెబ్బ తగిలింది. ఆ నొప్పికి తేనెటీగలతో కుట్టించుకుంటే ఉపశమనం అని నమ్మి, 1940లలో పెన్సిల్వేనియాలో తేనెటీగలు పెంచే ఒకాయన దగ్గరికి వెళ్లేవాడు. బదులుగా డబ్బు కాదు, గింజలు ఇచ్చేవాడు. వాటిలో ఒకటి ఫిష్ పెప్పర్. ఆకుల మీద తెల్ల మచ్చలు, లేత కాయ తెల్లగా, గీతలతో, పండితే ఎర్రగా. కారం ఉంటుంది కానీ అందం చూస్తే అలంకార మొక్కే. చెసపీక్ బే చుట్టుపక్కల నల్లజాతి వంటవాళ్లు చేపల వంటల్లో, తెల్లటి సాస్ రంగు మారకుండా ఆ లేత తెల్ల కాయని వాడేవారు. ఆ వంటలతో పాటు ఆ మొక్క కూడా దాదాపు కనుమరుగైంది. చాలా ఏళ్ల తర్వాత, ఆ తేనెటీగల ఆయన మనవడు విలియం వాయ్స్ వీవర్‌కి తాతగారి ఫ్రీజర్‌లో గింజల సీసాలు దొరికాయి. మొలకెత్తాయి. 1995లో ఆయన వాటిని గింజలు మార్చుకునే వాళ్ల ద్వారా బయటికి పంచాడు. ఇవాళ ఫిష్ పెప్పర్ మళ్లీ పెరుగుతోంది. బ్యాకప్ ఒక్కచోటే ఉంది, అదృష్టం కొద్దీ పాడవలేదు.

మనం ఇప్పుడు కొనే చాలా గింజ ప్యాకెట్ల మీద ఎఫ్1 అని ఉంటుంది. అంటే హైబ్రిడ్. మొదటి ఏడాది మొక్క అద్భుతంగా వస్తుంది, దాని గింజ దాచి వేస్తే మాత్రం తల్లిలాంటి మొక్కలే వస్తాయన్న గ్యారంటీ లేదు. ప్రతి ఏడాదీ మళ్లీ కొనాలి. రైతుకి దిగుబడి కోసం అది అవసరం కావొచ్చు, దాని మీద నాకు గొడవ లేదు. కుండీలో రెండు మొక్కలు పెంచే మనకి ఆ తొందర లేదు కదా. ఎఫ్1 కాని రకం వెతకండి, దాని గింజ మీ చేతిలో ఉంటుంది.

ఇంకో డౌట్ క్లియర్ చేద్దాం. పక్కన గుంటూరు మిరప ఉంటే చప్పటి మిరప కూడా కారంగా మారిపోతుందా? ఈ ఏడాది కాయ మారదు. కారం పుట్టే కండ తల్లి మొక్కదే. కానీ పుప్పొడి కలిస్తే లోపలి గింజ మారుతుంది. కారం ఇచ్చే జన్యువుది పైచేయి, ఒక్క కాపీ ఉన్నా మంట వచ్చేస్తుంది. ఆ గింజ వేస్తే వచ్చే ఏడాది మొక్క కాయ మీ నోరు మండిస్తుంది. అందుకే గింజ కోసం ఉంచే కొమ్మకి పూత విచ్చకముందే పల్చటి గుడ్డ సంచి కట్టండి. రోజూ మెల్లగా కదపండి, మిరప తన పుప్పొడితోనే కాస్తుంది. పిందె పడ్డాక సంచి తీసేసి ఆ కొమ్మకి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. కాయ చెట్టు మీదే పూర్తిగా పండాలి. గింజ తీసి నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో పేరు, సంవత్సరం రాసి, గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

కారం తక్కువ, రంగు ఎక్కువ అనేది బయటి వాళ్ల సరదా అనుకునేవాళ్లకి చివరిగా ఒక పేరు: వరంగల్ చపాటా మిర్చి. టమాటాలా గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. మంట తక్కువ, ఎరుపు ఎక్కువ, పచ్చళ్లకి రంగు దీనితోనే. 2025లో దీనికి జీఐ గుర్తింపు వచ్చింది. అది వచ్చేదాకా ఆ రకాన్ని నిలబెట్టింది ఎవరు? ఏటా మంచి కాయలు ఏరి గింజకి పక్కన పెట్టిన రైతులు. అయినా మిరపని తినకుండా వాడటం మనకి కొత్తా చెప్పండి. షాపు గుమ్మానికి నిమ్మకాయతో కట్టేదీ, ఉప్పుతో కలిపి దిష్టి తీసేదీ మిరపకాయే కదా.

కాబట్టి ఈ వానాకాలం ఒక్క కుండీ. కారం లేని, ఎఫ్1 కాని ఒక రకం. కాయ పండాక గింజల పొట్లాలు రెండు కట్టండి. ఒకటి మీకు, ఇంకోటి పక్కింటి వాళ్లకి. రెండో పొట్లం మర్చిపోకండి, ఎందుకంటే మీ మొక్కకి ఏమన్నా అయితే మళ్లీ గింజ దొరికేది వాళ్ల దగ్గరే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.